నవోదయ ఫారం నింపేలోపు డిస్లెక్సియా పరీక్ష ఎలా చేయించాలి?

ఎక్కాలు గడగడా అప్పజెప్తాడు. విన్న కథ పొల్లుపోకుండా తిరిగి చెప్తాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం గొంతు పడిపోతుంది. 'పుస్తకం' వాడి నోట 'పుసకం' అవుతుంది, 'కష్టం' 'కషం' అవుతుంది. ఒకే పేజీలో మూడుసార్లు వచ్చిన మాటను మూడుసార్లూ కొత్తగా కూడబలుక్కుంటాడు. మాచర్లలో మా అక్క కొడుకు సంగతి ఇది. నవోదయ కోచింగులో చేర్చిన నెలకి సారు, "తెలివుందమ్మా, శ్రద్ధే లేదు" అన్నారు. శ్రద్ధ కోసం ఇంకో ట్యూషన్ పెట్టించారు. డిస్లెక్సియా అన్న మాట ఆ ఇంట్లో మొదటిసారి వినపడేసరికి ఫారం గడువు ఇంకా పదిరోజులే ఉంది.

పదిరోజుల్లో ఏ పనీ కాలేదు. మీ ఇంట్లో అలా కాకూడదని వరస చెప్తున్నాను.

ముందు క్యాలెండరు తీయండి

లెక్క చివర్నుంచి వెనక్కి వెయ్యాలి. మన పల్నాడు జిల్లా నవోదయ చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉంది. ఆరో తరగతి సీటుకి ఐదో తరగతిలో ఉండగా దరఖాస్తు చెయ్యాలి. బడులు తెరిచాక ఫారాలు వస్తాయి, పరీక్ష చలికాలంలో ఉంటుంది. ఫారానికి జతచేస్తే పరీక్షలో అదనపు సమయం ఇప్పించే వైకల్య ధ్రువపత్రం ఇవ్వడానికి ఆసుపత్రికి నిబంధనల ప్రకారమే మూడు నెలల దాకా వ్యవధి ఉంది. దానికి ముందు సైకాలజిస్టు, దానికి ముందు కంటి డాక్టరు. అంటే నాలుగో తరగతి సంక్రాంతి సెలవుల్లో మొదలుపెడితే తీరిగ్గా అవుతుంది, వేసవిలో మొదలుపెడితే పరుగుల మీద అవుతుంది. అంబేద్కర్ గురుకులాల్లో ఐదో తరగతికి రాయించాలనుకునేవాళ్లు ఇంకో ఏడాది ముందుకు జరుపుకోవాలి. మరీ చిన్నప్పుడే వెళ్లినా లాభం లేదు. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు బడిలో చదువు ఇబ్బంది ఉన్న పిల్లల వడపోతకి మూడో తరగతి లేదా ఎనిమిదేళ్ల వయసు అని గీత గీశాయి.

మధ్యలో ఒక మాట. ఎనిమిదో తరగతి లోపు చేర్చుకోవడానికి ప్రైవేటు బడి పిల్లలకి పరీక్ష పెట్టడం విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం తప్పు. మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంది. పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారనుకోండి. ఆ పరీక్షలో పోయిందని మాత్రం పిల్లాణ్ణి పట్టుకుని ఏడవకండి.

ఒక నోటుబుక్కు పెట్టండి

వంద పేజీలది చాలు. వారానికి రెండుసార్లు, తేదీ వేసి, పది మాటలు డిక్టేషన్ చెప్పి రాయించండి. మర్నాడు ఏదో ఒక పేరా బయటికి చదివించి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. దిద్దకండి, తిట్టకండి. తప్పును తప్పుగానే ఉండనివ్వండి, డాక్టరుకి కావలసింది అదే.

ఏ తప్పు దేనికి గుర్తు? మన లిపి తేలికైనది కాదు. గుణింతాలు, ఒత్తులు కలిస్తే పిల్లలు కుదురుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఒకటి, రెండు తరగతుల్లో 'మ'కి 'య' రాసినా, 'ఘ'కి 'ఫ' చదివినా, ఇంగ్లీషులో 'బీ'ని 'డీ'గా తిప్పినా కంగారక్కర్లేదు. నాలుగో తరగతికొచ్చినా ఒత్తులు రాలిపోతూ ఉంటే, దీర్ఘాలు ఒకచోటివి ఇంకోచోట పడుతూ ఉంటే, నిన్న చదివిన మాట ఇవాళ ముఖం తెలియనట్టు చూస్తే, తోటివాళ్లు పేజీ ముగించేసరికి వీడు రెండో పేరాలోనే ఉంటే, అప్పుడు అనుమానించాలి. అక్షరాలు తిరగేసి రాయడమే డిస్లెక్సియా అనుకుంటారు చాలామంది. అసలు గుర్తు నెమ్మది, పదే పదే కూడబలుక్కోవడం. ఇది కుటుంబాల్లో నడుస్తుంది కూడా. వాళ్ల నాన్ననో మేనమామనో అడగండి. "నాకూ చదువబ్బలేదులే" అని నవ్వేస్తారు. ఆ నవ్వు కూడా నోటుబుక్కులో రాసుకోండి.

అదే పుస్తకంలో ఇంకో రెండు సంగతులు నిజాయితీగా రాయాలి. ఒకటి, నాగాలు. మిరపకోతలప్పుడు పిల్లాడు నెలరోజులు చేలో ఉంటే చదువు వెనకబడడానికి కారణం వేరు. రెండోది, ఇంటిభాష. మాచర్ల, వెల్దుర్తి వైపు తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. నరసరావుపేట, వినుకొండల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి. వాళ్లకి తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడోది. పరీక్ష చేసేవారికి ఈ మాట చెప్పకపోతే లేని జబ్బు అంటగడతారు, లేదా ఉన్నదాన్ని "భాష రాకే" అని కొట్టిపారేస్తారు.

కళ్లు, చెవులు

మేం ఇక్కడే దెబ్బతిన్నాం. తెల్లవారుజామున బయల్దేరి గుంటూరులో ఒక ఆసుపత్రికి వెళితే, ఓపీ చీటీ రాయించి, మధ్యాహ్నం దాకా కూర్చున్నాక, "కంటి పరీక్ష చేయించారా? చెవి?" అన్నారు. లేదన్నాం. మళ్లీ రమ్మన్నారు. బస్సు చార్జీలు, ఒక రోజు కూలి, పిల్లాడి బడి, అన్నీ పోయాయి. చూపులో, వినికిడిలో లోపం లేదని తేలితేగానీ తర్వాతి అంకం మొదలవదు. నియమమే అది. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఈ రెండూ ముందే చేయించి, కాగితాలు దాచుకోండి.

బడినుంచి ఉత్తరం

సర్కారు బడైతే హెడ్మాస్టరుకి తెల్లకాగితం మీద రాసివ్వండి: 'మా పిల్లాడికి చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉంది, పరీక్షకి పంపగలరు' అని. నోటితో చెప్పింది గాల్లో పోతుంది. ఎన్సీఈఆర్టీ 2022లో తెచ్చిన 'ప్రశస్త్' అనే యాప్ ఉంది. టీచరు పిల్లాడి లక్షణాలు చూసి అందులో టిక్కులు పెట్టాలి, ఆపైన ప్రత్యేక ఉపాధ్యాయులు చూస్తారు. "ప్రశస్త్‌లో మా వాడి పేరు ఎక్కించారా సార్?" అని అడిగితే మర్యాదకి భంగమేం లేదు. సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయుల్ని కలవండి. ఈ దారిలో నడిచినవాళ్లు మన ఊళ్లలో ఎవరైనా ఉన్నారంటే వాళ్లే. పిల్లల ఆరోగ్యం చూడ్డానికి బడికొచ్చే ఆర్బీఎస్కే బృందం జాబితాలో కూడా చదువు ఇబ్బంది ఉంది. వాళ్లొచ్చిన రోజు పిల్లాణ్ణి బడి మాన్పించకండి.

ప్రైవేటు బడైతే క్లాసు టీచరు చేత ఒక పేజీ రాయించండి. 'యావరేజ్ స్టూడెంట్' అని రాస్తే ఎందుకూ పనికిరాదు. నోటిమాటగా ఎలా చెప్తాడు, రాతలో ఎలా ఉంటాడు, ఆ తేడా రాయమనండి.

సైకాలజిస్టు దగ్గర

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. ముందు అక్కడ అడగండి. అక్కడ కుదరకపోతే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీని, ఇంకా అవసరమైతే బెంగళూరు నిమ్హాన్స్‌ని అడగొచ్చు. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి, "చదువు ఇబ్బందికి పూర్తి పరీక్ష చేస్తారా, ఏ రోజు, ఎన్ని విడతలు?" అని తెలుసుకున్నాకే బస్సెక్కండి. ప్రైవేటుగా వెళ్లేవాళ్లు పరీక్ష చేసే మనిషికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగాలి. బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లకీ ఉండదు. నంబరు లేనివాళ్లిచ్చిన రిపోర్టుకి డబ్బు దండగ.

లోపల జరిగేది సూదిమందు కాదు. మొదట తెలివికి సంబంధించిన పరీక్ష: బొమ్మలు, దిమ్మెలు, ప్రశ్నలు. ఆ తర్వాత చదవడం, రాయడం, లెక్కలు. తెలివి తక్కువై చదువు రావడం లేదా, తెలివుండీ అక్షరం దగ్గరే ఆగుతున్నాడా అన్నది తేల్చడమే ఇదంతా. దేశంలో ధ్రువపత్రాలకి ఎక్కువగా నిమ్హాన్స్ పరీక్షల్నే ప్రమాణంగా తీసుకుంటున్నారు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో 'డాలి' అనే పరీక్షల్ని విడుదల చేసింది. మొదట వచ్చినవి హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు. తెలుగు లేదు. అందుకే ఈ ప్రశ్న తప్పకుండా అడగండి: "తెలుగులో కూడా చదివించి చూస్తారా?" ఇంగ్లీషు మీడియం పేరుకే ఉన్న పిల్లాణ్ణి ఇంగ్లీషులో మాత్రమే పరీక్షిస్తే వచ్చే ఫలితం డిస్లెక్సియా గురించి ఎంత చెప్తుందో, బడి గురించీ అంతే చెప్తుంది.

ఆ రోజు పిల్లాడికి కడుపునిండా పెట్టి తీసుకెళ్లండి. "ఇందులో పాస్, ఫెయిల్ లేవు" అని దారిలో చెప్పండి. ముందురోజు రాత్రి కూర్చోబెట్టి చదివించారో, మొత్తం పాడుచేసినట్టే.

ధ్రువపత్రం

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, వాటిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. సైకాలజిస్టు రిపోర్టు వేరు, ప్రభుత్వ వైద్య బోర్డు ఇచ్చే ధ్రువపత్రం వేరు. పరీక్ష ఫారానికి పనికొచ్చేది రెండోది. దరఖాస్తు స్వావలంబన్ పోర్టల్‌లో చెయ్యాలి, ఆధార్ తప్పనిసరి. గ్రామ, వార్డు సచివాలయంలో సదరం (వైకల్య నిర్ధారణ శిబిరం) స్లాట్ గురించి అడిగేటప్పుడు 'అభ్యసన వైకల్యం' అని స్పష్టంగా చెప్పండి, ఆ బోర్డులో సైకాలజిస్టు ఏ ఆసుపత్రిలో కూర్చుంటారో కనుక్కోండి. కాలూ చెయ్యీ చూసే శిబిరానికి ఈ పిల్లాణ్ణి తీసుకెళితే వట్టి చేతులతో తిరిగొస్తారు.

40 శాతం, అంతకు పైన వస్తే చట్టంలోని రిజర్వేషన్లు వర్తిస్తాయి. తక్కువొచ్చినా కాగితం పారేయకండి. వికాస్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 40 శాతం లోపున్నా రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకి సహాయకుణ్ణి, అదనపు సమయాన్ని ఇచ్చే మార్గదర్శకాల్ని కేంద్రం 2022 ఆగస్టులో తెచ్చింది. ఇంకోటి గుర్తుంచుకోండి: ఈ పత్రం జీవితాంతం చెల్లదు, 14 ఏళ్లకి, 18 ఏళ్లకి మళ్లీ పరీక్షించాలి.

ఊళ్లో చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. వికలాంగుడన్న ముద్ర పడుతుందని, రేపు పెళ్లి సంబంధాలు రావని. మా బావగారూ అదే అన్నారు. బడిలో 'మొద్దు' అన్న ముద్ర అప్పటికే పడి రెండేళ్లయిందని మా అక్క గుర్తుచేసింది. దానికైతే ఏ బోర్డూ సంతకం పెట్టలేదు.

ఫారం, ఆపైన

నవోదయ పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. ధ్రువపత్రం జతచేసిన దివ్యాంగ పిల్లలకి 40 నిమిషాలు అదనం. ఫారంలో ఆ గడి నింపకపోతే పరీక్షరోజు హాల్లో ఎంత బతిమాలినా రాదు.

ప్రశ్నపత్రం లోపలికి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. మేధాశక్తి విభాగంలో 40 ప్రశ్నలు, 50 మార్కులు. అన్నీ బొమ్మలే. అక్షరంతో పనే లేదు. లెక్కలకి 25. భాషకి 25, అదీ పేరాలు చదివి జవాబు పెట్టడం. మన పిల్లాడు చిక్కుకునేది ఈ చివరి పేరాల దగ్గర, రాత లెక్కల దగ్గర. కాబట్టి అదనపు 40 నిమిషాలూ ఎక్కడ ఖర్చుపెట్టాలో ఇంట్లోనే గడియారం పెట్టి నేర్పండి. ఓఎంఆర్ షీటులో వరస తప్పకుండా కింద స్కేలు పెట్టుకునే అలవాటు చెయ్యండి. తప్పుకి మార్కు కోత లేదు కనక ఏ గడీ ఖాళీగా వదలొద్దని చెప్పండి. తెలుగులో రాయించాలా, ఇంగ్లీషులోనా అన్నది పక్కింటివాళ్లని చూసి కాదు, ఒకే పేరాని రెండు భాషల్లో చదివించి, నిమిషాలు లెక్కపెట్టి తేల్చుకోండి.

అసలు పత్రాన్ని లామినేషన్ చేయించకండి. పది జిరాక్సులు తీయించి, నోటుబుక్కు, బడి ఉత్తరం, కంటి కాగితం, రిపోర్టు అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి.

మా వాడికి ఆ ఏడు పత్రం అందలేదు. అదనపు సమయం లేకుండానే రాశాడు. బయటికొచ్చి, "బొమ్మలన్నీ పెట్టేశా పిన్నీ, చివరి రెండు పేరాలు చదవనేలేదు, బెల్లు కొట్టారు" అన్నాడు. సీటు రాలేదు. పత్రం తర్వాత మార్చిలో వచ్చింది. నవోదయలో తొమ్మిదో తరగతిలోకీ ప్రవేశపరీక్ష ఉంటుంది. వాడిప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు, పద్నాలుగు నిండలేదు. ఫారం ఎప్పుడొస్తుందో వాడే చూసుకుంటున్నాడు. ఫైలు మా అక్క బీరువాలో పట్టుచీరల కింద ఉంది.