తల నెరసినప్పుడు రంగు వేయుటయా, మానుటయా?

తల నెరయుట రోగము కాదు. ఈ మాటను మొదటనే చెప్పుట యవసరము. ఏలయన ఒక్క తెల్లవెంట్రుక కనబడినంతనే కలతచెంది వైద్యుని యొద్దకు పరుగెత్తువారును, నిజముగ వైద్యుని యొద్దకు పోవలసిన వేళ తలరంగు పొట్లము కొనుక్కొని యింటికి పోవువారును మనలో గలరు.

పుదుచ్చేరి పట్టణమున నెహ్రూ వీధిలోగాని మహాత్మా గాంధీ వీధిలోగాని ఒక చిన్న యంగడి ముందు నిలిచిన యెడల తలరంగు పొట్లములు తోరణమువలె వ్రేలాడుచుండుట కానవచ్చును. వాని వెల స్వల్పము. పొట్లములోని పొడి, కొంచెము నీరు, పాత పళ్ల కుంచె యొకటి యున్నచో పని జరిగిపోవును. ఇంత సులభముగ దొరకుటచేతనే దీనిని రసాయనమని యెవరును తలంపరు. సబ్బువలె, తలనూనెవలె ఇదియు నొక వస్తువని తలంతురు. వచ్చిన చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఇదే పట్టణమున అరవిందులవారు 1910వ సంవత్సరము మొదలు 1950వ సంవత్సరమున దేహము చాలించువరకు నివసించిరి. 1950 ఏప్రిలులో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెసాఁ తీసిన చిత్రములలో వారి తెల్లని కేశములను, తెల్లని గడ్డమును చూడవచ్చును. ఆ ముఖమును చూచి, తలకు రంగు వేసికొనియున్న బాగుగ నుండెడిదని తలంచువా రుండరు. కాని యోగికి చెల్లిన తెల్లజుట్టు గుమాస్తాకు చెల్లదనియు, తాతగారికి శోభనిచ్చినది పెండ్లికావలసిన కుమార్తెగల తండ్రికి శోభనీయదనియు లోకము తలంచుచున్నది. స్త్రీల విషయమున లోకము మరింత కఠినము. కావున ఇది కేవలము వైద్యవిషయ మని చెప్పి తప్పించుకొనుట న్యాయము కాదు. రంగు వేసికొనువారిని డాంబికులని పరిహసించుటయు తగదు, మానినవారిని అశ్రద్ధాళువులని నిందించుటయు తగదు. ఎవరి తల వారిది. తెలిసి నిర్ణయించుకొనుటకు కావలసిన సంగతులు మాత్రము ఇచ్చట చెప్పబడుచున్నవి.

వెంట్రుక ఏల తెల్లబడును?

మన తలపై సుమారు ఒక లక్ష వెంట్రుకలుండును. ప్రతి వెంట్రుకయు చర్మములోని యొక చిన్న గుంటనుండి మొలచును. ఆ గుంటలో రంగును తయారుచేయు కణములు గలవు. అవి మెలనిన్ అను నల్లని పదార్థమును ఎదుగుచున్న వెంట్రుకకు అందించును. వయస్సు పెరిగినకొలది ఈ కణములు తరుగును; వానికి బదులుగ క్రొత్తవానిని పుట్టించు మూలకణములును క్షీణించును. అప్పుడు వెంట్రుక మొలచునుగాని రంగు లేక మొలచును. నల్లవెంట్రుక తెలుపుగ మారుటలేదు, తెల్లనిదే క్రొత్తగ పుట్టుచున్నది. ఈ భేదమును గ్రహించినచో, పైన పూయు తైలములచేత మొదలంట నలుపు తెప్పింతుమను ప్రకటనలను ఎంతవరకు నమ్మవచ్చునో తెలియగలదు.

ఒక తెల్లవెంట్రుకను పెరికినచో పది మొలచునని పెద్దలు చెప్పుదురు. ఒక గుంటలో పెరికినది ప్రక్క గుంటలకు తెలియదు గనుక ఈ మాట నిజము కాదు. అయినను మాటిమాటికి పెరికిన యెడల ఆ గుంట పాడై అసలే వెంట్రుక రాకపోవచ్చును. కావున పెరుకకుండుటయే మేలు.

ఎప్పుడు నెరయునో చాలవరకు వంశమునుబట్టి యుండును. మనవంటి ఆసియా వాసులలో 25 ఏండ్లకు ముందే నెరసినచో దానిని బాలనెరపు అని వైద్యులు లెక్కింతురు. అట్టివారు రంగు కొనుటకు ముందు రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. బి-12 విటమిను లోపము, ఇనుము లోపము, గళగ్రంథి వ్యాధి యున్నవేమో చూడవలెను. కేవలము శాకాహారము భుజించువారిలో, ముఖ్యముగ పాలు పెరుగులు సైతము తక్కువగ తీసికొనువారిలో, బి-12 లోపము కలుగుటకు వీలున్నది. ఈ లోపము జుట్టుతో ఆగక నరములను గూడ దెబ్బతీయును. జుట్టు తెల్లబడుట దానిని ముందుగ తెలుపు దూత కావచ్చును. పొగత్రాగువారికి త్వరగ నెరయుననియు పరిశోధనలు సూచించుచున్నవి. మనోవ్యాకులతవలన తల నెరయునను లోకోక్తిలో కొంత సత్యము లేకపోలేదు. 2020వ సంవత్సరమున ఎలుకలపై జరిగిన పరిశోధనలో, తీవ్రమైన ఒత్తిడి కలిగినప్పుడు నరములనుండి వెలువడు ద్రవ్యము రంగు మూలకణములను త్వరితముగ ఖర్చుచేయించునని తేలినది.

రంగు చరిత్రము కొంత

నెరసిన తలకు రంగు వేయుట నేటి వింత కాదు. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో, తెల్లతలవానికి పూలు, గంధములు, వస్త్రములు, ఆభరణములు రాణింపవని చెప్పి, ఇనుపపాత్రలో ఇనుపరజముతో వండి నూరిన యొక లేపమును విధించెను. జ్యోతిష్కుడే యింత శ్రద్ధ వహించినప్పుడు తక్కినవారి మాట చెప్పనేల?

నేటి పొట్లములోని రంగు మాత్రము వేరు జాతిది. దాని పేరు పారాఫినైలిన్ డయమైన్. ఇది తారునుండి పుట్టిన రసాయనముల కుటుంబములోనిది. స్వయముగ రంగులేనిదైనను, వెంట్రుకలోనికి చొచ్చి, ప్రాణవాయువుతో కలిసి నల్లనిదై, కడిగినను పోక నిలుచును. ఇట్టి కృత్రిమ రంగును 1907లో ఫ్రాన్సు దేశమున యూజీన్ షుయెల్లర్ అను రసాయనవేత్త తయారుచేసి పారిస్ క్షౌరశాలలకు అమ్మెను. 1909లో ఆయన స్థాపించిన సంస్థ పేరునకు "నిరపాయమైన కేశవర్ణముల ఫ్రెంచి సంఘము" అని యర్థము. నిరపాయమని పేరులోనే చెప్పుకొనవలసి వచ్చెననిన, అపాయమను భయము జనులలో అప్పటికే యుండెనని యూహింపవచ్చును.

పడనివారికి ఏమి జరుగును?

ఒక గుమాస్తాను ఊహించుకొనుడు. యానాములో పుట్టి ఉద్యోగరీత్యా పుదుచ్చేరిలో స్థిరపడినవాడు. పది సంవత్సరములుగ నెలకొకసారి రంగు వేసికొనుచున్నాడు, ఏ బాధయు లేదు. కుమార్తె వివాహమునకు మూడు దినములు ముందుగ యథాప్రకారము రంగు వేసికొనెను. మరునాడు చెవుల వెనుక దురద, నొసట మంట. మూడవనాటికి కనురెప్పలు వాచి కన్నులు మూసికొనిపోయినవి, మెడమీద చీమునీరు కారుచున్నది. కన్యాదానము చేయవలసిన తండ్రి వైద్యశాలలో కూర్చుండెను. "పది యేండ్లు పడినది నేడేల పడలేదు?" అని అతడు అడుగును.

ఇందుకు సమాధానమును ప్రతివారు తెలిసికొనవలెను. ఈ వికటము విషమువంటిది కాదు. శరీర రక్షణశక్తి ఆ రసాయనమును శత్రువుగ గుర్తుపట్టుటవలన కలుగును. ఆ గుర్తు ఒకనాడే కలుగవచ్చును, పది యేండ్లకైనను కలుగవచ్చును. ఒకసారి కలిగిన పిమ్మట సాధారణముగ జీవితాంతము పోదు. తిరిగి వేసికొన్నప్పుడు వాపు మరింత త్వరగ, మరింత తీవ్రముగ వచ్చును. అట్టివారికి కొన్ని వస్త్రముల రంగులును, నొప్పి తెలియకుండుటకు పూయు కొన్ని మందులును పడకపోవచ్చును. మరికొందరికి దురద లేకయే నొసటి యంచున చర్మము తెల్లని మచ్చలుగ మారును.

కంటి సంగతి ఇంకను ఘోరము. 1933లో అమెరికాలో ఈ జాతి రసాయనముతో చేసిన కనురెప్పల రంగు వాడి పలువురు స్త్రీలు చూపు కోల్పోయిరి, ఒకరు మరణించిరి. 1938లో ఆ దేశమున సౌందర్య సాధనములను చట్టమునకు లోబరచుటకు ఆ దుర్ఘటన యొక కారణమాయెను. మన దేశములోను ఈ రంగుల పొట్లములపై, ముందుగ పరీక్షించి చూడవలెననియు, కనుబొమలకు, కనురెప్పలకు పూయరాదనియు హెచ్చరికను ఆంగ్లమునను స్థానిక భాషలోను ముద్రింపవలెనని నియమమున్నది. ఆ యక్షరములు మిక్కిలి సన్నవి. తల నెరయు వయస్సునకు చత్వారమును వచ్చును గనుక చదువువారు అరుదు. మీసములకు వేసికొనువారు సైతము పెదవికి తగులకుండ మిక్కిలి జాగ్రత్త వహింపవలెను.

పరీక్ష ఇట్లు చేయవలెను. చెవి వెనుకగాని మోచేతి లోపలి వైపునగాని కొంచెము చోటు సబ్బుతో కడిగి, కలిపిన రంగును చుక్కంత పూసి ఆరనీయవలెను. పొట్లములపై 24 గంటలని యుండును. చర్మవైద్యులు 48 గంటలు వేచియుండుట మేలందురు. దురద, ఎఱ్ఱదనము, పొక్కులు ఏవి కనబడినను ఆ రంగును విడువవలసినదే. ఒకసారి పరీక్షించితిమి చాలునని తలంపరాదు, ప్రతిసారియు చేయవలెను. గుమాస్తాగారి కథ చూపుచున్నదిదియే. శుభకార్యమునకు రెండుమూడు దినముల ముందు క్రొత్త రంగును ప్రయత్నించుట సాహసమే. ఇదివరలో వాపు వచ్చినవారు ఇంటి పరీక్షను గూడ చేయరాదు. జిప్‌మర్ వంటి పెద్ద వైద్యశాలలలోని చర్మవ్యాధి విభాగమున వీపుపై పట్టీవేసి, రెండు దినములకు తీసిచూచి, ఏది పడదో నిర్ణయింతురు.

గోరింటాకు, "నల్ల గోరింటాకు"

గోరింటాకు నిరపాయమని మన నమ్మకము. శుద్ధమైన ఆకుపొడి విషయమున చాలవరకు అది నిజమే. కాని గోరింటాకు పండిన రంగు ఎఱుపేకాని నలుపు కాదు. నలుపు కావలెననిన దాని పిదప నీలిచెట్టు ఆకుపొడిని పెట్టవలెను. అది శ్రమతో కూడిన పని. అరగంటలో కాటుకవంటి నలుపునిచ్చు "నల్ల గోరింటాకు" అను పొడిలో అనేక పర్యాయములు పైన చెప్పిన రసాయనమే యుండును. "మూలికలతో చేసినది", "అమ్మోనియా లేనిది" అను మాటలకు ఆ రసాయనము లేదని యర్థము కాదు. పొట్లము వెనుకనున్న పదార్థముల పట్టికను చదువవలెను, చదువలేనిచో యంగడివాని చేతనో ఇంటి పిల్లల చేతనో చదివించుకొనవలెను. పట్టికయే లేనిదానిని కొనరాదు.

కేన్సరు వచ్చునా యని పలువురు అడుగుదురు. అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థవారు తమ తలకు తాము రంగు వేసికొనువారి విషయమున ఆధారములు చాలవని చెప్పిరి. కాని దినమంతయు రంగులను తాకు క్షురకుల, కేశాలంకారిణుల వృత్తిని మాత్రము కేన్సరు కలిగింపగల సంభావ్యత గలదిగ వర్గీకరించిరి. కావున క్షౌరశాలలో రంగు వేయువాడు చేతులకు రబ్బరు తొడుగులు లేక పనిచేయుచున్నచో, తొడుగుకొమ్మని చెప్పుట మీకు మర్యాద, అతనికి మేలు.

ఇంకొక సంగతి. ఈ రంగు కడుపులోనికి పోయినచో గొంతు వాచి ఊపిరాడకపోవును, కండరములు, మూత్రపిండములు దెబ్బతినును. దక్షిణదేశపు వైద్యశాలలకు ఇది క్రొత్త కాదు. కావున పొట్లములను పసిపిల్లలకు అందకుండ, మనస్సు బాగులేనివారున్న యింట తాళము క్రింద ఉంచవలెను. ఎవరైన మ్రింగినట్లు తెలిసినచో, లక్షణములు కనబడువరకు వేచియుండక తక్షణము వైద్యశాలకు తీసికొనిపోవలెను. 108 సంఖ్యకు ఫోను చేసినచో వాహనము వచ్చును. మనోవేదనలో నున్నవారు 14416 సంఖ్యకు ఫోను చేసి మాటలాడవచ్చును.

మానదలచినవారికి

రంగు పడనివారికి నిర్ణయము చేసికొనవలసిన పని లేదు, శరీరమే నిర్ణయించినది. తక్కినవారు వ్యయమును, కాలమును, మనస్సును కూడ లెక్కింపవలెను. రంగు వేసిన మూడు వారములకే పాపటవద్ద తెల్లనిగీత పైకి వచ్చును. ఆ గీతను వెన్నాడుట కొందరికి ఉల్లాసము, కొందరికి చాకిరి. చాకిరిగ తోచిననాడు మానవచ్చును.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. పొట్టిగ కత్తిరించుకొను పురుషునకు నాలుగైదు నెలలలో రంగు మొత్తము తొలగిపోవును. 40 సెంటీమీటర్ల జడగల స్త్రీకి మూడు సంవత్సరములకు పైగా పట్టును. ఈ నడుమ తల రెండు రంగులుగ కనబడుట తప్పదు, బంధువులు "ఒంట్లో బాగులేదా అమ్మా?" అని యడుగుటయు తప్పదు. జడను కొంతకొంతగ తగ్గించుకొనుచు వచ్చినచో ఈ కాలము కురుచయగును. తిరుపతిలోనో తమ యూరి దేవాలయములోనో తలనీలా లిచ్చినవారికి ఈ చిక్కు ఒక్కనాటితో తీరును.

తెల్లవెంట్రుక కొంచెము బిరుసుగ, పొడిగ నుండును. వారమునకు రెండుమార్లు నూనె రాచి మృదువుగ దువ్విన చాలును. మెలనిన్ లేని వెంట్రుక ఎండవలన పసుపుపచ్చగ మారును, పొగత్రాగువారిది మరింత పచ్చబారును. పుదుచ్చేరి తీరపు ఎండలో జుట్టు పలుచబడినవారి నడినెత్తి కమలును గనుక, మధ్యాహ్నము బయటికి పోవునప్పుడు గొడుగుగాని టోపీగాని తలగుడ్డగాని వాడవలెను.