పొట్టలో ఖాళీ చోటు

చేపను శుభ్రం చేసేటప్పుడు గమనించారా? పొట్ట కోసి లాగితే పేగులు సులువుగా వచ్చేస్తాయి. అవి కండకు అతుక్కుని ఉండవు. రెండింటికీ మధ్య ఖాళీ ఉంది. దీన్నే శరీర కుహరం అంటారు. కుహరం అంటే గుహ.

ఈ ఖాళీ అన్ని జీవులకూ ఒకేలా ఉండదు.

బద్దె పురుగు రిబ్బనులా ఉంటుంది. దానికి ఈ ఖాళీ లేదు. పేగూ లేదు. మన పేగులో చేరి, మనం తిన్నదాన్ని చర్మంతోనే పీల్చుకుంటుంది.

ఏలికపాము గుండ్రంగా ఉంటుంది. దాని ఒంట్లో ఖాళీ ఉంది, అందులో నీరుంది. కానీ దాని పేగు చుట్టూ కండ లేదు. పేగు తనంతట తాను కదలలేదు.

కాకుమాను వరి చేలగట్ల మీద మట్టి తవ్వితే వానపాము కనిపిస్తుంది. దాని ఒంటికీ కండ ఉంది, పేగుకూ కండ ఉంది. మధ్యలో ఖాళీ ఉంది. అందుకే ఒళ్లు పాకుతుంటే పేగు తన పని తాను చేసుకుంటుంది.

మన ఒళ్లూ అలాంటిదే. మీరు వంగి నాట్లు వేస్తున్నా పేగు అన్నాన్ని ముందుకు నెడుతూనే ఉంటుంది. కడుపులో బిడ్డ పెరిగితే పేగులు పక్కకు జరిగి చోటిస్తాయి.

ఇంత మంచి పేగులో పురుగులు చేరితే? ఏలికపాములు ఎక్కువైతే పేగుకు అడ్డుపడతాయి. పిల్లలు చిక్కిపోతారు. దొడ్డికి బయటికి వెళ్తే వాటి గుడ్లు మట్టిలో కలుస్తాయి. అక్కడినుంచి చేతులకూ, కూరగాయలకూ అంటుకుంటాయి. కాబట్టి మరుగుదొడ్డి వాడాలి. సబ్బుతో చేతులు కడగాలి.

2015 నుంచి మన దేశంలో ఫిబ్రవరి 10న నులిపురుగుల నిర్మూలన దినం జరుపుతున్నారు. 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తారు. మీ పిల్లలకు తప్పక వేయించండి.

ఆలోచించి చెప్పండి:
1. శరీర కుహరం అంటే ఏమిటి?
2. వానపాము పేగుకూ, ఏలికపాము పేగుకూ తేడా ఏమిటి?
3. మీ వీధిలో ఎంతమంది పిల్లలు మాత్ర వేసుకున్నారు?