పైరు కావలికి తుపాకి: ఎట్టిది తగును?

పామూరు, చంద్రశేఖరపురం వైపున వెలిగొండల పాదమున సేద్యము చేయు రైతునకు వేరుశనగ కాయ గట్టిపడు దినములు నిద్రలేని దినములు. అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగినచో తెల్లవారుసరికి చేను నాగలి పెట్టి దున్నినట్లుండును. కంది, మొక్కజొన్న చేలకును ఈ బెడద తప్పదు. ఇట్టి సమయమున తుపాకి యొకటి కొనవలెనను తలంపు కలుగుట సహజమే. ఇటీవల కొందరు రైతులు పంపు తుపాకిని గూర్చి అడుగుచున్నారు. ఏది కొనవలెనో చెప్పుటకు ముందు, దేనికి కొనుచున్నారో మీకు మీరే నిశ్చయించుకొనవలెను.

వేట నిమిత్తమైనచో ఈ వ్యాసము ఇక్కడనే ఆపివేయవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము సరదా వేటకు మన దేశమున ఇప్పుడు తావు లేదు. తాతల నాడు కుందేళ్ళను, దుప్పులను కొట్టిన కథలు రచ్చబండకే పరిమితము. అడవిపంది సైతము ఆ చట్టము క్రిందనే యున్నది. 2022లో చట్టమును సవరించిన పిమ్మట అది రెండవ షెడ్యూలులో చేరినది. అయితే నిలిచియున్న పైరునకు నష్టము కలిగించు జంతువును చంపుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిగాని, ఆయన అధికారమిచ్చిన వారుగాని వ్రాతపూర్వకముగా అనుమతి నీయవచ్చునని 11వ సెక్షనులో గలదు. తుపాకి లైసెన్సు వేరు, ఈ అనుమతి వేరు. మొదటిది చేతనున్నంత మాత్రమున రెండవది యున్నట్లు కాదు. అనుమతితో కొట్టిన పందియైనను ప్రభుత్వపు ఆస్తియే. దాని మాంసము పంచుకొనరాదు. ఈ సంగతి తెలియక కేసులపాలైనవారు కలరు.

ఇక తుపాకి లైసెన్సు సంగతి. 1959 నాటి ఆయుధముల చట్టములో 13వ సెక్షను రైతులు ప్రత్యేకముగ చదువదగినది. నిజముగా పైరు కాపాడుకొనుటకు అడుగువానికి మూతినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఈయవచ్చునని అందు గలదు. ఆ తుపాకి చాలదని అధికారికి తోచినచో, 20 అంగుళములకు తక్కువ కాని గొట్టము గల నున్నగొట్టపు తుపాకికి ఈయవచ్చును. కావున అర్జీలో మందుతుపాకి మీ చేనికి ఏల చాలదో వివరముగ వ్రాయవలెను. ఎన్ని ఎకరములు, ఏ పైరు, అడవి ఎంత దూరము, ఎన్నిమార్లు నష్టము కలిగినది, ఆ నష్టమును గ్రామ రెవిన్యూ అధికారి లేదా వ్యవసాయాధికారి చూచెనా అను అంశములు వ్రాసిన అర్జీకి బలము హెచ్చు. గ్రామోద్యోగులు చేను చూడకయే ధ్రువపత్రము వ్రాసి యిచ్చుట అర్జీదారునకు మేలు కాదు. పోలీసు విచారణలో మాట తేలిపోవును.

అర్జీదారునకు 21 సంవత్సరములు నిండి యుండవలెను. 2019 సవరణ ననుసరించి ఒక మనిషికి రెండు తుపాకులకు మించి యుండరాదు. లైసెన్సు కాలపరిమితి 5 సంవత్సరములు. మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల అంచున నున్నవారికి మరియొక నిబంధన గలదు. అభయారణ్యమునకు 10 కిలోమీటర్ల లోపల నివసించు వారికి క్రొత్తగా లైసెన్సు ఈయవలెనన్న ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి అవసరము.

ఇప్పుడు తుపాకుల విషయము. మూతినుండి మందు కూరు తుపాకి చౌక. కాని ఒక్కసారి ప్రేలిన పిదప మరల మందు, రవ్వ, గుడ్డ కూరుటకు నిమిషము పట్టును. వాననాడు మందు చెమ్మగిల్లును. మందు కొలత తప్పినచో గొట్టము పగిలి చేయి పోవును. వాడక తప్పనివారు కొలత గిన్నె వాడుడు. ఎన్నడును పిడికిలితో కొలువవలదు.

తూటా తుపాకులలో మన ప్రాంతమున వాడుక 12 బోరు. ఆ గొట్టపు కొలతకు సరిపోవు సీసపు గుండ్లు పన్నెండు తూచినచో ఒక పౌను అగును. అందుచేతనే ఆ పేరు. ఒంటి గొట్టపు తుపాకి తేలిక, ధర తక్కువ, చెడిపోవుటకు అందేమియు లేదు. జోడు గొట్టముల తుపాకిలో రెండు తూటాలుండును. రెండింటి మూతి బిగువు వేరుగా నుండుటచేత దగ్గరకొకటి, దూరమునకొకటి పనికివచ్చును. బిగువు లేని గొట్టమునుండి 40 గజముల దూరమున 30 అంగుళముల వలయములో నూటికి 40 రవ్వలు పడిన, పూర్తి బిగువు గల దానినుండి 70 పడును.

పంపు తుపాకి అనగా ఒకే గొట్టము, దాని క్రింద తూటాలు నింపు మరియొక సన్నని గొట్టము గలది. ముందరి చేతి పిడిని వెనుకకు లాగిన ఖాళీ తూటా ఎగిరిపడును. ముందునకు నెట్టిన క్రొత్తది ఎక్కును. అమెరికాలో 19వ శతాబ్దపు చివరి దశకమున ఇది విరివిగా వాడుకలోనికి వచ్చినది. వెంటవెంటనే మూడు నాలుగు మార్లు కాల్చవచ్చుననుట దీని గొప్ప. కాని పందికి రెండవ తూటాకే అవకాశము అరుదు. మూడవ దానికి అది కంప దాటియుండును. కంగారులో పిడిని సగము లాగి నెట్టినచో తూటా ఇరుకుకొనును. ఎర్రదుమ్ము, వేరుశనగ పొట్టు లోపల చేరినను అంతే. మరియు జోడు గొట్టముల తుపాకిని విరిచి చూచిన, తూటా ఉన్నదో లేదో చీకటిలోనైనను వ్రేలితో తెలియును. పంపు తుపాకిలో గొట్టము ఖాళీగా కనబడినను క్రింది గొట్టములో తూటాలు నిలిచి యుండవచ్చును. అలవాటు లేని ఇంటిలో ఇది ప్రాణాపాయము. కొనదలచిన వారు గొట్టము 20 అంగుళములకు తగ్గలేదని దుకాణములోనే కొలిపించుకొనవలెను.

నా అభిప్రాయమున చేని కావలికి 12 బోరు ఒంటి గొట్టము చాలును; చేయి అలవడినవానికి జోడు గొట్టములది. పంపు తుపాకి దినమును శుభ్రపరచు ఓపిక గలవారికి మాత్రమే. పాత తుపాకి కొనువారు గొట్టమును వెలుతురునకు పట్టి చూడుడు. గుంటలు, సొట్టలు కనబడినను, గొట్టము కీలువద్ద కదలినను, ధర ఎంత తగ్గినను తీసికొనవలదు. తూటా గది 65 మిల్లీమీటర్లదైనచో 70 మిల్లీమీటర్ల తూటా వేయరాదు.

అనుమతి గలవారు పందికి ఎల్.జి. తూటా వాడవలెను, అదియు 30 గజముల లోపల. పిట్టలకు వాడు సన్నరవ్వ వేసినచో పంది చావదు. గాయపడి కంపలో దాగి, మరునాడు కలుపు తీయవచ్చిన ఆడకూలీలపై బడును. తూటా ఎంతదూరము పోవునో మరువవలదు. 6వ నంబరు రవ్వ సుమారు 200 గజములు, ఎల్.జి. గుండు 600 గజములకు పైగా పోగలదు. చేని అవతల ప్రక్క మంచెపై మరొకడు కావలి యుండును. కదలిన ప్రతి నీడపై కాల్చువాడు ఏదో ఒకనాడు పొరుగువానిని కాల్చును. దీపము వేసి జంతువు సాంతము కనబడనిదే వ్రేలు ట్రిగ్గరుపై ఉంచరాదు. మరియొక ప్రమాదము: 20 బోరు తూటా పొరపాటున 12 బోరు గొట్టములో వేసినచో లోనికి జారి నిలిచిపోవును. ఖాళీయనుకొని వెనుక 12 బోరు తూటా వేసి కాల్చిన గొట్టము పగులును. రెండు రకముల తూటాలు ఒక సంచిలో ఉంచవలదు.

ఇంటి రక్షణకును ఇదే తుపాకి యుపయోగించునా యని కొందరు అడుగుదురు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44వ సెక్షను వరకు చెప్పబడినది. ఆపదకు తగినంత బలమే వాడవలెను. పారిపోవు దొంగను వెనుకనుండి కాల్చుట రక్షణ కాదు. నిజము చెప్పవలెనన్న, పల్లెటింటిలో తుపాకివలన దొంగకంటె ఇంటి బిడ్డలకే భయము హెచ్చు. దూలమునకు వ్రేలాడగట్టుట, ధాన్యపు గాదె వెనుక ఆనించుట మానవలెను. తుపాకి యొక పెట్టెలో, తూటాలు వేరొక పెట్టెలో తాళము వేసి, తాళపుచెవి మీ మొలత్రాటికే ఉంచుకొనుడు. త్రాగినవాడు అన్నయైనను, మామయైనను, తుపాకి ఈయవలదు.

లైసెన్సు చేతికి వచ్చులోపల చేను ఊరకనుండదు గదా! వేరుశనగ చుట్టును ముండ్ల కుసుమ కొన్ని వరుసలు దట్టముగ విత్తుట, కందకము త్రవ్వుట, వంతులవారీగా మంచెపై కావలి యుండుట, సౌరశక్తి కంచె వేయుట చేయవచ్చును. సౌరకంచె తళుక్కుమని కొట్టి విడుచును, చంపదు. కాని ఇంటి కరెంటు తీగను కంచెకు తగిలించుట నేరము. పందికని వేసిన తీగపై పొరుగు రైతు, పశువు, చివరకు వేసినవాడే పడి మరణించిన సంగతులు ఏటేట వినుచున్నాము. నాటు బాంబులును అంతే; మేతకు వెళ్ళిన గేదె దవడ పగులగొట్టును.

ఎన్నికల ప్రకటన వచ్చినపుడు లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగింపుమని ఉత్తర్వులు వచ్చును. రశీదు తీసికొని భద్రపరచుకొనుడు. అప్పగించుటకు ముందు గొట్టమును నూనెగుడ్డతో తుడిచి, రెండు వైపులను తెరచి చూచి ఇయ్యవలెను. ఎన్నికలు ముగియువరకు అది అక్కడ చెమ్మ పట్టి యుండును.