ప్రశ్నించే పిల్లలకు పత్రికా రంగం

జర్నలిజం చదువుకోవడానికి నల్లజాతి పాత్రికేయురాలు షార్లేన్ హంటర్ గాల్ట్ కోర్టుకెక్కాల్సి వచ్చింది. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం అప్పటిదాకా నల్లజాతి విద్యార్థులను చేర్చుకోలేదు. హాస్టల్లో ఖాళీల్లేవంటూ ఆమె దరఖాస్తును తోసిపుచ్చుతూ వచ్చింది. ఆమె డెట్రాయిట్‌లో చదువు సాగిస్తూనే కేసు నడిపారు. ఫెడరల్ కోర్టు తీర్పుతో 1961 జనవరిలో మరో నల్లజాతి విద్యార్థి హామిల్టన్ హోమ్స్‌తో కలిసి జార్జియాలో చేరారు. ఆ వారంలోనే ఒక రాత్రి హాస్టల్ ముందు మూక చేరింది. కిటికీ అద్దం బద్దలు కొట్టుకుని ఇటుక వచ్చి ఆమె గదిలో పడింది. భద్రత పేరు చెప్పి యాజమాన్యం సస్పెండ్ చేసింది మూకను కాదు, ఆమెనూ హోమ్స్‌నూ. మళ్లీ కోర్టు చెబితేనే తిరిగి రానిచ్చింది. 1963లో ఆమె పట్టా అందుకున్నారు.

హక్కులూ పోరాటాలూ అంటే చదువు అటకెక్కుతుందని పిల్లల నోరు మూయించే తల్లిదండ్రులు తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. ఆ భయం పిల్లలకు మేలు చేయదు. అన్యాయాన్ని దగ్గర నుంచి చూసి, కాగితాలు పోగేసి, ఏళ్ల తరబడి పట్టు వదలకపోవడం విలేకరికి కావలసిన మొదటి శిక్షణే.

హంటర్ గాల్ట్ మొదటి ఉద్యోగం న్యూయార్కర్ పత్రికలో, సెక్రటరీ స్థాయి పని. జాతీయ టీవీ వార్తల్లో స్థానం దక్కింది 1978లో, అంటే పట్టా అందుకున్న 15 ఏళ్లకు. మూడు నెలల్లో యాంకర్‌ని చేస్తామనే కోర్సులకు లక్షలు పోసేవారు ఈ లెక్క చూడాలి. అక్కడ నేర్పేది మేకప్, టెలీప్రాంప్టర్ చదవడం. ఎఫ్ఐఆర్ చదవడం, పంచాయతీ బడ్జెట్ అర్థం చేసుకోవడం కాదు. డిపాజిట్ కట్టించుకుని ఐడీ కార్డు చేతిలో పెట్టి, జీతం లేకుండా ప్రకటనలు తెమ్మనే వారి వైపు అసలే వెళ్లకూడదు. పరీక్ష పెట్టి ఎంచుకుని, స్టైపెండ్ ఇచ్చి నేర్పే పత్రికల సొంత జర్నలిజం స్కూళ్లు అంతకంటే ఎంతో మేలు. వాటికీ, విశ్వవిద్యాలయాల పీజీ కోర్సులకూ సాధారణంగా ఏదైనా డిగ్రీ చాలు.

జాతీయ టీవీకి రాకముందు, 1968లో హంటర్ గాల్ట్ న్యూయార్క్ టైమ్స్‌లో చేరి నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెమ్ ప్రాంత వార్తలు రాశారు. తాను నల్లజాతివారిని ‘బ్లాక్’ అని రాస్తే డెస్క్ దాన్ని ‘నీగ్రో’గా దిద్దింది. ఆమె రాజీనామా చేయలేదు, సర్దుకుపోనూ లేదు. కారణాలన్నీ వివరిస్తూ సంపాదకులకు సుదీర్ఘమైన లేఖ రాశారు. పత్రిక తన వాడుక మార్చుకుంది. ఉద్యమం నుంచి వచ్చేవారు ప్రత్యేకంగా నేర్చుకోవలసిన పద్ధతి ఇది. నినాదంతో వార్త నిలబడదు. ఎదుటి పక్షం మాట కూడా నమోదు చేసే ఓపిక లేనివారికి ఈ వృత్తి కంటే ఉద్యమమే సరైన చోటు.

జాతి వివక్ష కింద నలుగుతున్న దక్షిణాఫ్రికాకు 1985లో వెళ్లి ఆమె చేసిన టీవీ కథనాలకు పీబాడీ పురస్కారం వచ్చింది. రంగును బట్టి తలుపులు మూసే సమాజం ఎలా నడుస్తుందో జార్జియాలోనే ఆమెకు తెలిసొచ్చింది. 1997 నుంచి జోహన్నెస్‌బర్గ్‌లో అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్‌కు పనిచేసి, 1999లో అక్కడే సీఎన్ఎన్ బ్యూరో చీఫ్ అయ్యారు.