ప్రాణం తీయడం – చట్టం చూసే తేడాలు



మన ఊళ్లల్లో ఎవరైనా దెబ్బలు తిని చనిపోతే "మర్డర్ కేసు అయింది" అంటాం. పేపర్లో మాత్రం ఒకసారి హత్య అని, ఒకసారి నిర్లక్ష్యం వల్ల మరణం అని రాస్తారు. పోయింది మనిషి ప్రాణమే అయినప్పుడు ఈ తేడాలు ఎందుకు? ఇది లా చదివేవాళ్లకే పనికొచ్చే ప్రశ్న కాదు. స్టేషన్లో రాసే సెక్షన్‌ను బట్టే బెయిలు, విచారణ, శిక్ష నడుస్తాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల నుంచి వచ్చిన మనలో చాలామందిమి మన ఇండ్లల్లో పదో తరగతి దాటిన మొదటివాళ్లం. కష్టమొచ్చిన రోజు ఆ కాగితం చదివి అమ్మానాన్నలకు చెప్పాల్సింది మనమే.

పాత నంబర్లు – కొత్త నంబర్లు

1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందరి నోటా నానిన 302 ఇప్పుడు 103 అయింది. 304 స్థానంలో 105, 304-ఎ స్థానంలో 106, వరకట్న మరణానికి చెందిన 304-బి స్థానంలో 80 వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే వర్తిస్తాయి.

మూడు మెట్లు

ఒక పెద్ద వృత్తం, దాని లోపల ఒక చిన్న వృత్తం గీసుకుందాం. పెద్దది నేరపూరిత నరహత్య. చిన్నది హత్య. ప్రతి హత్యా నేరపూరిత నరహత్యే, కాని ప్రతి నేరపూరిత నరహత్యా హత్య కాదు.

1) హత్య: చంపాలన్న ఉద్దేశంతో చేసినది, లేదా మామూలుగా ఎవరికైనా ప్రాణం పోయేంత గాయం కావాలనే చేసినది. శిక్ష మరణదండన లేదా యావజ్జీవం, దాంతోపాటు జరిమానా.

2) హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య: ఉద్దేశం ఉంటే యావజ్జీవం, లేదా 5 నుంచి 10 ఏళ్ల జైలు. ప్రాణం పోవచ్చని తెలిసి చేసినా చంపే ఉద్దేశం లేకపోతే 10 ఏళ్ల వరకు జైలు.

3) నిర్లక్ష్యం వల్ల మరణం: ఉద్దేశమూ లేదు, ప్రాణం పోతుందన్న ఎరుకా లేదు, ఉండాల్సిన జాగ్రత్త లేదు. పాత చట్టంలో శిక్ష 2 ఏళ్ల వరకే ఉండేది. ఇప్పుడు 5 ఏళ్ల వరకు ఉంది.

చనిపోయిన మనిషికి మూడూ ఒకటే. చట్టం మాత్రం చంపినవాని మనసును కొలుస్తుంది. మనసు కంటికి కనిపించదు కనుక ఆయుధం, దెబ్బ తగిలిన చోటు, దెబ్బల సంఖ్య, ముందున్న పగ చూసి కొలుస్తుంది.

రొంపిచర్ల కేసు

ఈ తేడాను దేశమంతటికీ విడమరిచి చెప్పిన తీర్పు మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్లలో రెండు వర్గాల మధ్య కక్షలుండేవి. ఒక వర్గం పెద్దను ఎదుటి వర్గంవాళ్లు బరువైన కర్రలతో కొట్టారు. తల మీద, గుండె మీద కొట్టలేదు. దెబ్బలన్నీ కాళ్లూ చేతుల మీదనే. 19 గాయాలు, విరిగిన ఎముకలు. మరునాడు ఆయన చనిపోయాడు.

సెషన్స్ కోర్టు హత్య అన్నది. ప్రాణస్థానం మీద కొట్టలేదు కాబట్టి హత్య కాదని హైకోర్టు శిక్ష తగ్గించింది. 1976లో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చింది. తీర్పు రాసింది జస్టిస్ సర్కారియా. చంపాలని అనుకున్నారా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఆ గాయాలు కావాలనే చేశారా? అవి మామూలుగా ప్రాణం తీసేంతటివా? రెంటికీ అవునని తేలింది కాబట్టి హత్యే అన్నారు. "కాళ్ల మీదనే కదా కొట్టింది" అన్న వాదన అక్కడ నిలవలేదు.

ఐదు మినహాయింపులు

హత్యను రెండో మెట్టుకు దించే మినహాయింపులు ఐదున్నాయి. తీవ్రమైన ఆకస్మిక రెచ్చగొట్టడం, ఆత్మరక్షణలో హద్దు దాటడం, ప్రభుత్వోద్యోగి సద్బుద్ధితో విధి చేస్తూ అధికారం మీరడం, ముందు ఆలోచన లేని ఆకస్మిక కొట్లాట, 18 ఏళ్లు దాటినవాని సమ్మతి. ఈ జాబితాలో పరువు లేదు. చేతబడి చేసిందన్న అనుమానం కూడా లేదు. ఊరంతా నమ్మినా అది చట్టం ముందు సాకు కాదు.

పొలంలో కరెంటు తీగ

భూపాలపల్లి, మహబూబాబాద్ అడవి అంచు ఊళ్లల్లో అడవి పందుల కోసం తీగకు కరెంటు పెట్టే అలవాటు ఉంది. రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోయే మనిషి దాని మీద పడితే? ఇలాంటి ప్రశ్నకు సుప్రీంకోర్టు 1963లోనే జవాబిచ్చింది. బీహార్లో ఒకతను తన మరుగుదొడ్డికి ఇతరులు రాకుండా కరెంటు తీగ కట్టాడు. ఒక స్త్రీ చనిపోయింది. నా జాగలో నా తీగ అన్న వాదనను కోర్టు ఒప్పుకోక 304-ఎ కింద శిక్షను ఖాయం చేసింది. మనుషులు నడిచే బాట అని తెలిసి కూడా తీగ పెడితే రెండో మెట్టు మీదికి పోయే ప్రమాదం ఉంది. ఈ మాట సెలవులకు ఇంటికి పోయినప్పుడు తప్పక చెబుదాం.

గుంపు, కులం

1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో విస్నూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తుపాకి పేల్చేది ఒక్క చెయ్యే అయినా దాని వెనుక ఎందరో ఉంటారు. నేటి చట్టం అందుకే ఉమ్మడి ఉద్దేశంతో చేసిన నేరానికి అందరినీ బాధ్యుల్ని చేస్తుంది. కులం, మతం, భాష వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకు మించి కలిసి చంపితే 103(2) కింద ప్రతి ఒక్కరికీ మరణదండన లేదా యావజ్జీవం ఉంటుంది. హతుడు ఎస్సీ, ఎస్టీ అని తెలిసి ఇతర కులస్తులు చంపితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కూడా కలుస్తుంది.

అయితే సెక్షన్ ఎంత గట్టిదైనా రుజువు లేనిదే నిలవదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టివేసింది. పదహారేళ్లు ఎదురుచూసి సాధించుకున్న తీర్పు ఏడేళ్లకే పోయింది. బాధిత కుటుంబాలకు అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

మనం చేయగలిగింది

• ఫిర్యాదులో ఎవరు, దేనితో, ఎక్కడ, ఎన్ని దెబ్బలు కొట్టారో చూసినవాళ్లు చూసినట్టే రాయాలి. పెంచి రాసినా, తగ్గించి రాసినా కేసుకే నష్టం.
• ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకొని సెక్షన్లు చదవాలి.
• విచారణలో కొత్త సంగతులు తేలితే సెక్షన్ మార్చవచ్చు. మొదట తక్కువ సెక్షన్ పడిందని ఆశ వదులుకోవద్దు.
• ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. ఫోను నంబరు 15100.

మన హాస్టళ్లు బాబాసాహెబ్ అంబేద్కర్ రాజ్యాంగం ఇచ్చిన హక్కుల పుణ్యమా అని నిలబడ్డాయి. ఆయన బారిస్టరు కూడా అని మరువద్దు. మనలో కొందరమైనా నల్లకోటు వేసుకోవాలి. మిగతావాళ్లం మన ఊరిలో ఒక ఫిర్యాదు కాగితం సరిగా రాయగలిగినా, ఏదో ఒక ఇంటికి న్యాయం దగ్గరవుతుంది.