ఆరు నుంచి ఆరున్నర దాకా పిలవొద్దు

సందేహం: ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరు పిల్లలు, అత్తమామలు. పెళ్ళికి ముందు నాలుగు కథలు అచ్చయ్యాయి. ఇప్పుడు వంటిల్లు సర్దుకుని రాత్రి పదిన్నరకి నోట్‌బుక్ తెరిస్తే తారీఖు వేసేలోపే నిద్ర ముంచుకొస్తుంది. నాలో రాసే శక్తి పోయినట్టేనా?
- ఒక సోదరి, తెనాలి

సమాధానం: అమ్మా, తెల్లారి అయిదింటి నుంచీ కాళ్ళమీద నిలబడ్డ మనిషికి రాత్రి పదిన్నరకి మిగిలేది ఆవలింతే. దాన్ని చూసి శక్తి పోయిందని తీర్పు చెప్పుకోకండి. రాత్రి రాయడం మానేసి హాయిగా పడుకోండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు రాస్తారన్న సంగతి మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా అన్నది మాత్రం అందులో ఎక్కడా లేదు. నాకు తోచినంతవరకు మీ చిక్కు అక్కడుంది. పాలవాడొచ్చే వేళ ఇంటిల్లిపాదికీ తెలుసు, పిల్లల ట్యూషన్ వేళ తెలుసు, మామగారి మాత్రల వేళ తెలుసు. మీ రాతకి మాత్రం వేళంటూ లేదు, అందుకే అడ్డొచ్చిన ప్రతి పనీ దాని మీదుగానే నడిచి వెళుతుంది. పొద్దున్నో సాయంత్రమో ఒక అరగంట ఎంచుకుని, "ఆరు నుంచి ఆరున్నర దాకా నన్ను పిలవొద్దు" అని మీవారితోనూ అత్తగారితోనూ చెప్పండి. అనుమతి అడిగినట్టు కాదు, కరెంటు పోయే వేళ చెప్పినట్టు చెప్పండి. మొదటి వారం పిలుస్తారు. పలకకండి. ఆ అరగంటలో పోపు మాడితే మాడనివ్వండి, వంటింట్లో ఇంకెవరూ లేరా ఏం?

ఈ సలహా ఇవ్వడానికి నాకున్న అర్హత తక్కువేనని ఒప్పుకోవాలి. ముప్ఫై ఏళ్ళుగా విరామం లేకుండా రాశానని నన్ను సభల్లో మెచ్చుకుంటారు. ఆ ముప్ఫై ఏళ్ళూ రాతబల్ల దగ్గరికి కాఫీ ఎవరు తెచ్చారో, పిల్లల జ్వరాలకి రాత్రుళ్ళు ఎవరు మేలుకున్నారో ఏ సభలోనూ ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. మా ఆవిడ పెళ్ళికి ముందు పాటలు రాసేదని నాకు తెలిసింది ఆవిడ అరవయ్యో ఏట.

పి. సత్యవతి గారి "ఇల్లలకగానే" కథ మీరు చదివే ఉంటారు. ఇల్లు అద్దంలా ఉంచడంలో పడి తన పేరే మరచిపోయిన ఇల్లాలు దాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. సత్యవతి గారు విజయవాడలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూనే కథలు రాశారు. తీరిక దొరికాక రాద్దామనుకుంటే మనకా కథ ఉండేది కాదు.

ఇంకొక చిట్కా. అరగంట అయ్యేసరికి సన్నివేశం పూర్తిచేసి లేవకండి. తరవాతి వాక్యం ఏమిటో తెలిసీ రాయకుండా లేవండి. దోసెల పిండి రుబ్బి మూతపెట్టినట్టు అది రాత్రంతా పొంగుతుంది. మర్నాడు ఖాళీ కాగితం ముందు కూర్చుని దిక్కులు చూసే బాధ తప్పుతుంది.

సందేహం: ఆర్టీసీల కండక్టర్ని. ఇయ్యాల పొద్దుగాల డ్యూటీ, రేపు నైట్ హాల్ట్. రోజూ ఒకటే టైముకు కూసోని రాయాలని అందరు చెప్తరు. నాకెట్ల కుదురుతది? నెలరోజులు ఆగిందంటే మల్ల మొదలువెట్టుడు అయితలేదు.
- ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: తమ్ముడూ, గడియారం మీకు పనికిరాదు. వేళకి బదులు ఒక పనికి రాతని ముడిపెట్టండి. డిపోలో కలెక్షన్ కట్టాక, ఇంటిదారి పట్టకముందు, క్యాంటీన్లో ఒక చాయ్ తాగేంతసేపు. డ్యూటీ ఏ వేళకి దిగినా కలెక్షన్ కట్టక తప్పదు కదా, రాతా అంతే. ఆ రోజు బస్సులో విన్న మాటల్లో ఒక్కటి, అన్నవాళ్ళ నోట ఎలా వచ్చిందో అలాగే రాసిపెట్టండి. దాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్దకండి. "మొదలువెట్టుడు అయితలేదు" అన్న మీ మాట నేను పది పేజీలు రాసినా నాకు రాదు.

రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. మద్యనిషేధం కేసుల్లో కోర్టు మెట్లెక్కిన మనుషులే ఆయన "ఆరు సారా కథలు"లోకి నడిచి వచ్చారు. ప్లీడరీ ఆయన రాతకి అడ్డుపడిందని ఎలా అనగలం? మీ బస్సులో రోజుకి ఎంతమంది ఎక్కుతారో లెక్క మీ టిమ్ మిషన్లోనే ఉంటుంది.

నెల ఆగిందని బెంగ వద్దు. విజయనగరం సంస్థానం కొలువులో ఉంటూ గురజాడ రాసిన "కన్యాశుల్కం" 1892లో రంగస్థలమెక్కింది, 1897లో అచ్చయింది. ఆయన దాన్ని తిరగరాసి రెండో కూర్పు తెచ్చేసరికి 1909 వచ్చింది. ఇవాళ మనం నెత్తిన పెట్టుకునేది ఆ రెండోదాన్నే. మీరు చెయ్యాల్సిందల్లా, ఆగిన చోట ఆగినట్టు ఒక ముక్క రాసిపెట్టుకోవడం: "ముసలామె ఇంకా దిగలేదు, చిల్లర ఇవ్వాలి" అని. నెల తరవాత అక్కణ్ణుంచే ఎక్కొచ్చు.

సందేహం: డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ల్యాప్‌టాప్‌లో పద్నాలుగు కథల మొదటి పేజీలున్నాయి. రెండో పేజీ ఒక్కదానికీ లేదు. రాయడానికి మంచి యాప్ ఏదైనా చెబుతారా?
- ఒక యువకుడు

సమాధానం: చెప్పను. పద్నాలుగింటిలో ఒకటి ఉంచి, మిగతా పదమూడూ పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మకి పంపేయండి. టైపు చెయ్యడం బద్ధకమైతే కారులో వెళుతూ ఫోన్‌కి చెప్పండి. "వేయిపడగలు" విశ్వనాథ సత్యనారాయణ చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసిందే. అయితే నోటిమాట వదులుగా ఉంటుంది, ఆదివారం కూర్చుని సగం కొట్టేయాలి.

సందేహం: బ్యాంకులో ముప్ఫై అయిదేళ్ళు చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగా లోన్ల ఫైళ్ళ మధ్యే కథలు రాసేవాణ్ణి. ఇప్పుడు రోజంతా నాదే, ఒక్క వాక్యమూ రావడం లేదు. ఎందుకంటారు?
- ఒక విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం

సమాధానం: అయ్యా, మీ ఊళ్ళోనే "కథానిలయం" ఉంది. 1997లో దాన్ని నెలకొల్పిన కాళీపట్నం రామారావు మాస్టారు "యజ్ఞం" రాసింది బళ్ళో లెక్కలు చెప్పే రోజుల్లోనే. మీకు తీరిక ఎక్కువై మనుషులు తక్కువయ్యారు. ఇంట్లో ఒక పని మీద వేసుకోండి. మనవణ్ణి స్కూలు బస్సెక్కించే పనైతే మరీ మంచిది: వీధి చివర నలుగురు కనపడతారు, బస్సు ఎలాగూ ఆలస్యంగానే వస్తుంది. మీ కోడలికి ఆ అరగంట మిగులుతుంది. ఆవిడ ఏం రాసుకుంటుందో మనకి తెలియదు కదా.