బండ వెనక సందు వదలకు

చిరంజీవి చిన్నాకి,



నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాను నాన్నా. మూడడుగుల ట్యాంకు లోపల వెనక గోడంతా కొండలా కట్టాలని, అదీ నీ చేతుల్తోనే కట్టాలని నువ్వనుకోవడం నాకెంత సంతోషమో! బొమ్మలో జలపాతం, వంతెన, గోపురం కూడా పెట్టావు. అవి మాత్రం వద్దు. ఆ కొండ మీద బతకాల్సింది నీ లెపర్డ్ గెకో. దానికేం కావాలో ముందు చూడాలి.

అది మన వంటింటి గోడ మీద పాకే బల్లి కాదు. దాని వేళ్ల కింద అతుక్కునే మెత్తలుండవు, గోళ్లే ఉంటాయి. నున్నటి గోడ ఎక్కలేదు. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య ప్రాంతాల ఎండు రాతినేలల్లో పగలు చీలికల్లో దాక్కుని, చీకటిపడే వేళకి బయటికొచ్చే జీవి. అందుకని ఎక్కే దారి వాలుగా, గరుకుగా ఉండాలి. అర మీద అది ఒళ్లంతా ఆన్చి పడుకోగలగాలి. గుహ ఎంత లోతైనా నీ చెయ్యి చివరిదాకా అందాలి.

తిరుపతిలో పెరిగినదాన్ని, నాకు బండంటే శేషాచలం బండే. అక్కడి శిలాతోరణం ఫోటో ఒకటి ఎదురుగా పెట్టుకో. అందులో రాయి పొరలు పొరలుగా ఉంటుంది, పొరలన్నీ ఒకే వైపుకి సాగుతాయి. నువ్వూ థర్మోకోల్ ముక్కల్ని ఒకే వాలులో పేర్చు. అంచుల్ని చాకుతో కోయకుండా వేళ్లతో విరిస్తే రాతి గరుకు దానంతటదే వస్తుంది. ఆ కొండల బంగారు బల్లి కూడా రాతి చీలికల్లోనే ఉంటుంది, గుడ్లు బండకే అంటిస్తుంది. కొండ అందమంతా ఆ చీలికల్లోనే ఉందని నాకనిపిస్తుంది.

ముక్కలు అంటించడానికి బూజు మందు కలపని సిలికాన్ వాడు. స్ప్రే పెయింటు, ఘాటు వాసనొచ్చే జిగురు తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. తర్వాత టైల్స్ మధ్య నింపే గ్రౌట్ పూయాలి. మొదటి పూత గంజిలా పల్చగా ఉంటేనే సందుల్లోకి దిగుతుంది. రెండోది దోసెల పిండిలా, మూడోది ఇడ్లీ పిండిలా. ప్రతి పూతనీ ఒక రోజు ఆరనివ్వు. ఇక్కడే అందరికీ ఓపిక చచ్చిపోతుంది, నువ్వు మాత్రం తొందరపడకు. థర్మోకోల్ ఎక్కడ బయటికి కనిపించినా బల్లికి మేతగా వేసే కీచురాళ్లు తొలిచేస్తాయి, ఆ పూసలు బల్లి మింగితే పేగులకి అడ్డుపడతాయి. రంగు గ్రౌట్‌లోనే కలుపు. పైన పొడి బ్రష్‌తో లేత రంగు అలా తాకిస్తే చాలు. చివర నీళ్లు కలిపి వాడే రకం వార్నిష్ వేసి, తడి మీదే సన్నటి ఇసుక చల్లు, గోళ్లకి పట్టు దొరుకుతుంది.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. నా మొదటి కొండకీ గాజుకీ మధ్య, ఒక మూల, వేలెడు సందు వదిలేశాను. వెనకవైపు ఎవరు చూస్తారనుకున్నాను. ఒకరోజు పొద్దున మా బల్లి కనబడలేదు. ఆ సందులో దూరి, వెనక్కి తిరగలేక ఇరుక్కుపోయింది. నెలరోజులు కట్టిన కొండని గంటన్నరసేపు ముక్కలు ముక్కలుగా కోసి దాన్ని బయటికి తీశాను. బతికింది. కానీ నా చేతిలో అది వణికిన వణుకు ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే చెబుతున్నా, అంచులన్నిటా సిలికాన్ నింపు. లైటు వేసి నాలుగు మూలలూ చూడు.

వేడినిచ్చే దీపం కింద అర కడితే బల్లి వేడికి అంత దగ్గరవుతుంది. కింద నేల మీద 90 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నచోట, పైన అర మీద ఇంకా ఎక్కువుండొచ్చు. బల్లిని వదలకముందే ఆ అర మీద కొలిచి చూడు. అంతా అయ్యాక వారం రోజులు ఖాళీగా ఉంచి, లోపల తలపెట్టి వాసన పీల్చు. సిలికాన్ పుల్లటి వాసన కొంచెం తగిలినా ఇంకా ఆగాలి.

ట్యాంకు కొలతలు పంపావు గానీ ముందు తలుపు వెడల్పు రాయలేదు. గ్రౌట్ మందానికి థర్మోకోల్‌ని అన్ని వైపులా పావు అంగుళం తగ్గించి కోయాలి. కొండ ఆ తలుపులోంచి పట్టకపోతే రెండు ముక్కలుగా కట్టాలి. థర్మోకోల్ కొనకముందే అది కొలిచి నాకు పంపు.

ప్రేమతో,
అత్తయ్య